పాత ట్యూబ్‌లైటు మరమ్మతు - 4వ పాఠం: చోక్ పోయిందని ఎప్పుడనాలి?

పోయిన పాఠంలో స్టార్టర్ విప్పి చూశాం. లోపలి రేకులు అతుక్కుని విడిపోయే క్షణంలో చోక్ ఒక వోల్టేజి దెబ్బ కొడుతుందనీ, దాంతో ట్యూబు వెలుగుతుందనీ చెప్పుకున్నాం. ఈసారి ఆ దెబ్బ కొట్టే చోక్ సంగతి.

పాతకాలపు ఇనుప చోక్ మొండిది. సిలికాన్ ఉక్కు రేకుల దొంతర, దాని మీద రాగి తీగ చుట్ట, పైన వార్నిష్. అంతే, కదిలే భాగం ఒక్కటీ లేదు. లైటు వెలగలేదంటే చాలామంది ముందు దీన్నే మార్చేస్తారు. నన్నడిగితే అన్నిటికన్నా చివర అనుమానించాల్సింది దీన్నే. సాధారణంగా చోక్ తనంతట తాను పోదు, పక్కనున్నవి దాన్ని కాల్చేస్తాయి.

లేబుల్ మీద 'టీడబ్ల్యూ 130' అని ఉంటే, చుట్ట వేడి 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపకుండా నడిచినా పదేళ్లు నిలిచేలా చేశారని అర్థం. దానిపైన సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుంది.

మరి ఆ అదనపు వేడి ఎక్కడిది? ట్యూబు రెండు కొసలూ ఎర్రగా వెలుగుతూ నడుమ చీకటిగా ఉంటే స్టార్టర్ రేకులు అతుక్కుపోయినట్టే. 36 వాట్ల ట్యూబు మామూలుగా తీసుకునేది 0.43 ఆంపియర్లు, ఈ స్థితిలో కరెంటు అంతకు మించి పారుతుంది. తీగ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కొద్ది తేడా కూడా చిన్నది కాదు. ముసలి ట్యూబుది ఇంకో తంటా. ఒక కొస ఫిలమెంటు మీది పూత అయిపోతే కరెంటు ఒక దిక్కునే ఎక్కువ పారుతుంది. దాంతో చోక్ ఇనుము సంతృప్తమై, అంటే ఇక అంతకు మించి అయస్కాంతత్వం పట్టలేక, కరెంటును అదుపు చేసే పట్టు పోతుంది. మిణుకుమిణుకుమనే ట్యూబును 'రేపు మారుద్దాంలే' అని నెలలు వదిలేసేవాళ్లు చోక్‌ను కాలుస్తున్నారన్నమాట.

ఇప్పుడు పరీక్ష. మెయిన్ ఆపి, చోక్ వైర్లు విప్పి, మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టండి. 36 వాట్లదానికి కొన్ని పదుల ఓములు రావాలి. ఏమీ చూపకపోతే తీగ తెగింది. వైరుకూ చోక్ ఒంటికీ మధ్య రీడింగ్ వస్తే ఇన్సులేషన్ పోయింది, మళ్లీ వాడొద్దు.

ఇక్కడే ఒక మోసం ఉంది. లోపల కొన్ని చుట్లే ఒకదానితో ఒకటి కలిసిపోతే ఓములు దాదాపు అలాగే ఉంటాయి, మీటరు 'బాగుంది' అంటుంది. దీన్ని పట్టాలంటే మంచి ట్యూబు పెట్టి, వెలిగించి, చోక్ వైరు ఒక్కదానికే క్లాంప్ మీటరు (వైరు విప్పకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తగిలించాలి. 0.43కు బాగా పైన చూపిస్తే చోక్ చెడింది. సప్లై వైరు దగ్గర కొలవకండి. ఫిట్టింగ్‌లో సప్లై నుంచి లాగే కరెంటును తగ్గించే పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ఉంటే అక్కడ అంకె తక్కువగా కనిపిస్తుంది. మొదట్లో నేనూ అలాగే తప్పుకొలత కొలిచి మంచిదనుకున్నాను.

గుయ్యిమనే మోతకు భయపడొద్దు. 50 హెర్ట్జ్ సప్లైలో రేకులు సెకనుకు 100 సార్లు అదురుతాయి. బిగింపు మరలు బిగిస్తే చాలాసార్లు తగ్గుతుంది. కమురు వాసన మాత్రం వేరే సంగతి, వెంటనే ఆపేయండి. 1970ల చివరి దాకా తయారైన కెపాసిటర్లు చాలావాటిలో పీసీబీ అనే విషపు నూనె ఉండేది. నూనె కారిన పాత ఫిట్టింగ్‌ను వట్టి చేతులతో ముట్టుకోవద్దు.

వచ్చే పాఠానికి ముందు రెండు మూడు చోక్‌ల ఓములూ, నడిచేటప్పటి కరెంటూ రాసి పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ చోక్‌లో కెపాసిటర్ ఎండిపోయే కథ అక్కడ మొదలుపెడదాం.