గోబర్ గ్యాస్ పొయ్యి వెలగడం లేదా? సున్నం కన్నా ముందు పీహెచ్ కాగితం

గ్యాస్ తగ్గగానే ఇంకో తట్ట పేడ వేస్తారు, లేదా దోసెడు సున్నం చల్లుతారు. ఈ రెండిట్లో ఏదైనా, సమయం కాని సమయంలో చేస్తే ప్లాంటు చచ్చిపోతుంది. ముందు అప్పుడే బయటికొచ్చిన స్లర్రీలో (పేడా నీళ్లూ కలిసిన జావ) పీహెచ్ కాగితం ముంచి చూడండి. పీహెచ్ 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. 6.8 నుంచి 7.5 మధ్య ఉండాలి.

కింది కొలతలు రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాసిచ్చే ప్లాంటువి: 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు, లోపల 40 రోజుల నిల్వ, అంటే సుమారు 4,000 లీటర్ల స్లర్రీ.

గ్యాస్ నిల్వుండే డ్రమ్ము లేస్తోంది, పొయ్యి అంటుకోదు, పుల్లటి వాసన

పీహెచ్ 6.5 కన్నా తక్కువుంటుంది. పెళ్లిలో మిగిలిన అన్నమో, రావులపాలెం మార్కెట్లో మెత్తబడిన అరటిపళ్లో ఒక్కసారిగా వేస్తే జరిగేదిదే. పిండినీ చక్కెరనీ ఆమ్లాలుగా మార్చే బాక్టీరియా గంటల్లో రెట్టింపవుతాయి. ఆ ఆమ్లాలను మీథేన్‌గా మార్చేవి ఆర్కియా. అవసలు బాక్టీరియా కావు, రెట్టింపవడానికి రోజులు పడుతుంది. ఆమ్లం పేరుకుంటే అవి మందగిస్తాయి, అవి మందగిస్తే ఆమ్లం ఇంకా పేరుకుంటుంది. డ్రమ్ములో ఉండేది ఎక్కువగా మండని కార్బన్ డయాక్సైడే.

5 రోజులు ప్లాంటుకు మేత (రోజూ వేసే పేడ, వ్యర్థాలు) పూర్తిగా ఆపండి. 200 గ్రాముల సున్నాన్ని బకెట్ నీళ్లలో కలిపి, తేరాక ఇన్‌లెట్లో పోసి కర్రతో కలియబెట్టండి. మర్నాడు మళ్లీ కాగితం ముంచి చూడండి, 6.8కి రాగానే సున్నం ఆపేయండి. సున్నం బదులు తినే సోడా వాడొచ్చు; ఖరీదెక్కువే గానీ, చెయ్యి జారినా పెద్ద ప్రమాదం ఉండదు. అన్నిటికన్నా మంచి మందు, బాగా నడుస్తున్న పక్క ప్లాంటు నుంచి తెచ్చిన 300–400 లీటర్ల స్లర్రీ. మంట నిలిచాక పావు మేతతో మొదలెట్టి, రెండు మూడు వారాల్లో పూర్తి మేతకు రండి.

ముక్కు మండే ఘాటు, పీహెచ్ 8 దాటింది

కోళ్ల ఎరువు ఎక్కువైంది. తణుకు, అనపర్తి వైపు ఫారాలు ఎక్కువ కాబట్టి ఇది తరచూ కనిపిస్తుంది. అందులోని యూరిక్ ఆమ్లం అమ్మోనియాగా మారి ఆర్కియాను అణిచేస్తుంది. పీహెచ్, ఎండ పెరిగేకొద్దీ విషం పెరుగుతుంది. సున్నం పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది కాబట్టి, ఇక్కడ వేశారో, పని అయిపోయినట్టే. కోళ్ల ఎరువు ఆపి, కొంత స్లర్రీ తోడేసి మంచినీళ్లు పోయండి. కోలుకున్నాక నాలుగు తట్టల పేడకు ఒక తట్ట మించొద్దు.

పీహెచ్ బాగానే ఉంది, వేసవిలో గ్యాస్ తగ్గి కుళ్లిన గుడ్ల వాసన పెరిగింది

కాలువలకు నీళ్లు ఆపేశాక సఖినేటిపల్లి, అల్లవరం లాంటి సముద్రపు దాపు ఊళ్లలో పేడ బోరు నీళ్లతోనే కలుపుతారు. ఆ నీళ్లు ఉప్పగా ఉంటే రెండు దెబ్బలు: సోడియం ఆర్కియాను కుంగదీస్తుంది, సల్ఫేటును వాడుకునే బాక్టీరియా వాటి మేతను లాక్కుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. ఊరి మంచినీటి చెరువు నీళ్లు సగమైనా కలపండి. రొయ్యల చెరువు బురద వేయొద్దు. వాసనకు, గొట్టం మధ్యలో తుప్పుపట్టిన ఇనుప తురుము నింపిన డబ్బా పెట్టండి. ఆ తురుము గాలి తగిలితే వేడెక్కుతుంది, ఆరుబయటే మార్చండి.

ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది

కొట్టాన్ని ఫినాయిల్‌తో కడిగిన నీళ్లు లోపలికి వెళ్లాయేమో, పొదుగువాపుకు యాంటీబయోటిక్ వేసిన గేదె పేడ పడిందేమో చూడండి. అలాంటి పేడ పది రోజులు పక్కన పెట్టాలి.

అవుట్‌లెట్లో బుడగలు, డ్రమ్ములో గ్యాస్ లేదు

పైన తెట్టు కట్టింది. గడ్డి, కొబ్బరి పొట్టు తేలి అడ్డుపడతాయి. పొట్టులోని లిగ్నిన్ ఈ జీవులకు అరగదు, దాన్ని అసలు వేయకపోవడమే నయం. డ్రమ్మును రోజూ అటూ ఇటూ తిప్పితే తెట్టు పగులుతుంది. ఎంత అడ్డుపడ్డా లోపలికి దిగొద్దు: హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు.

మంట ఎగిరెగిరి పడుతోంది

గొట్టంలో నీరు చేరింది, పల్లంలో ఉన్న డ్రెయిన్ విప్పండి. లీకేజీని సబ్బు నురుగుతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు.