కిడ్నీ కణాల మీద భారం ఎలా తగ్గించాలి?

కిడ్నీ అంటే జల్లెడ అనే అనుకుంటాం. అసలు చాకిరీ అంతా జల్లెడ దాటాక ఉండే సన్నని నాళికలది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు వస్తుంది. అందులో 99 శాతానికి పైగా అవే మళ్లీ రక్తంలోకి చేర్చాలి. నాళిక గోడలో ఒక్క కణాన్నే చూడండి: 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చుకున్న ప్రతిసారీ ఒక ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) ఖర్చవుతుంది. అందుకే దాని నిండా శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలే. నాళిక మొదటి భాగంలోని కణాలకు ముఖ్య ఇంధనం కొవ్వు ఆమ్లాలు. కిడ్నీ జబ్బు ముదిరితే అవి సరిగా మండవు, కొవ్వు బొట్లుబొట్లుగా కణంలోనే పేరుకుంటుంది, చుట్టూ మచ్చ కడుతుంది. పోయిన నెఫ్రాన్ల (ఒక జల్లెడ, దాని నాళిక కలిసిన ఒక్కో యూనిట్) పని కూడా మిగిలినవాటి నెత్తినే పడుతుంది.

ముందు ఉప్పు తగ్గించండి. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే సోడియం 2 గ్రాములు. ఉప్పు ఎక్కువైతే బీపీ మాత్రలు కూడా సరిగా పనిచేయవు. కిడ్నీ జబ్బు ఉండి డయాలసిస్‌లో లేనివాళ్లకు ప్రొటీన్ కిలో బరువుకు 0.8 గ్రాములు చాలు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ప్రొటీన్ పొడులు వద్దు.

షుగర్‌కీ, కిడ్నీ జబ్బుకీ డాక్టర్లు రాసే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మందులు నాళిక మొదటి భాగంలో గ్లూకోజ్‌నీ, దాని వెంట వచ్చే సోడియంనీ వెనక్కి లాక్కోకుండా ఆపుతాయి. అక్కడి కణాలకు ఆ మేరకు పని తగ్గుతుంది, జల్లెడ మీద ఒత్తిడీ తగ్గుతుంది. మొదటి వారాల్లో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వేగంగా వడపోస్తోందో చెప్పే అంచనా) కొంచెం పడిపోతుంది. అది చూసి కంగారుపడి మందు మానేస్తారు, అదే పెద్ద పొరపాటు. 30 శాతం కన్నా ఎక్కువ తగ్గితే మాత్రం డాక్టరుకు చూపించాలి. వాంతులు, విరేచనాలు, ఉపవాసం, ఆపరేషన్ ఉన్నప్పుడు రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు వచ్చే ఆమ్ల పదార్థాలు) పెరిగే ప్రమాదముంది. తాత్కాలికంగా ఎప్పుడు ఆపాలో ముందే డాక్టర్ని అడిగి రాసిపెట్టుకోండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల జోలికి దయచేసి వెళ్లకండి. కిడ్నీ లోపలి భాగం మామూలుగానే తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొస్తుంది. అక్కడి రక్తనాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను ఈ మాత్రలు అడ్డుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, బీపీ మాత్రతో పాటు మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర కూడా వాడుతున్నప్పుడు దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది.

రక్తపరీక్షలో క్రియాటినిన్ (కండ నుంచి వచ్చే వ్యర్థం) ఒక్కటే చూసి ఊరుకోకండి. కండ తగ్గినవాళ్లలో కిడ్నీ దెబ్బతిన్నా అది నార్మల్‌గానే కనిపించవచ్చు. పొద్దున్నే వచ్చే మొదటి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత కారుతోందో చెప్పే పరీక్ష) కూడా చేయించండి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే మళ్లీ చేయించి, 3 నెలల పాటు అలాగే ఉందేమో చూడాలి.