స్కూటర్ స్పీడు పడిపోయిందా? ముందు ఇంజిన్ చప్పుడు వినండి

సింహాచలం ఘాట్ రోడ్డు మీద నా స్కూటర్ పరువు తీసేసింది. వెనక మా ఆవిడ కూర్చుంది. యాక్సిలేటర్ మొత్తం తిప్పినా బండి 30 దాటదు, ఇంజిన్ మాత్రం గోలగోలగా అరుస్తోంది. నిండా జనంతో ఉన్న ఆటో ఒకటి మమ్మల్ని దాటుకుని తాపీగా పైకి వెళ్లిపోయింది. అంతకు ముందు నుంచే బీచ్ రోడ్డులో 75 దాకా లాగే బండి 55 దగ్గర ఆగిపోతోంది. ఒక షెడ్డులో ప్లగ్గు, ఫిల్టరు మార్చి, "బండి పాతదైపోయింది సార్, ఇంతే లాగుతాది" అన్నారు. రోగం అక్కడ లేదు.

గేర్లు లేని స్కూటర్ స్పీడు తగ్గితే పానా పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఇంజిన్ అరుస్తున్నా బండి కదలడం లేదా, లేక ఇంజినే పైకి లేవడం లేదా? అరుస్తుంటే, ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి చేరవేసే బెల్టు వైపు చూడాలి. లేవకపోతే గాలి, పెట్రోలు, ప్లగ్గు వైపు. ఇది తేల్చుకోకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ.

అసలు స్పీడు తగ్గిందో లేదో కూడా చూసుకోవాలి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి వెనక కూర్చున్నవాళ్లను చూడమనండి. మీటరు మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఖాళీగా ఉన్న రోడ్డు మీద, తెల్లవారుజామున, స్పీడ్ లిమిట్ దాటకుండా, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు వైపులా చూడండి. వేసవి మధ్యాహ్నం నైరుతి గాలి ఎదురుకొడితే భీమిలి నుంచి ఊళ్లోకి వచ్చేటప్పుడు మంచి బండి కూడా నీరసపడుతుంది.

తర్వాత ఖర్చులేని పనులు. టైర్లలో గాలి బండి మీద స్టిక్కర్‌లో రాసిన లెక్కకు ఉందా చూడండి. ఇంజిన్ ఆపి, సెంటర్ స్టాండు వేసి, వెనక చక్రం చేత్తో తిప్పండి. గరగరమని రాసుకుంటూ ఆగిపోతే బ్రేకు పట్టేసినట్టే. ముందు చక్రం కూడా ఎత్తి అలాగే చూడాలి. మన ఊళ్లో ఇది తరచూ వచ్చే తంటా. సముద్రం ఉప్పుగాలికి చక్రం డ్రమ్ము దగ్గరుండే బ్రేకు ఆర్మ్ తుప్పు పట్టి, లీవరు వదిలినా లోపలి బ్రేకు షూలు పూర్తిగా వెనక్కి రావు. బ్రేకు పెద్దగా వాడకుండా నాలుగు కిలోమీటర్లు నడిపాక డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా కాస్త దూరం నుంచే. సెగ కొడితే దొంగ దొరికాడు.

ఇంజిన్ లేవకపోతే ఎయిర్ ఫిల్టర్ చూడండి. జిడ్డు పూసిన కాగితం ఫిల్టర్‌ను గాలి కొట్టి శుభ్రం చేయకండి, మార్చేయండి. పెట్రోలు ట్యాంకు మూత తీయగానే 'స్స్' అని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే మీటరు మీద ఇంజిన్ లైటు వెలుగుతోందా చూడండి. అన్నీ బాగుంటే వాల్వుల గ్యాప్ చూడమని మెకానిక్‌కు చెప్పండి.

ఇక అరిచే ఇంజిన్. బెల్టు రెండు పుల్లీల మీద తిరుగుతుంది, ఇంజిన్ దగ్గర ముందుది, చక్రం దగ్గర వెనకది. ఒక్కో పుల్లీ అంటే ఎదురెదురుగా ఉన్న రెండు పళ్లేలు. ముందు వైపు పుల్లీలో రోలర్లు ఉంటాయి. స్పీడు పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి పుల్లీ పళ్లేలను దగ్గరకు నెడతాయి, బెల్టు పుల్లీ అంచుకు ఎక్కుతుంది. అంచుకు ఎక్కితేనే టాప్ స్పీడు.  బెల్టు అరిగి సన్నబడినా, రోలర్లు ఒక పక్క చదునైపోయినా బెల్టు సగంలోనే ఆగిపోతుంది. క్లచ్ షూలు అరిగి జారుతున్నా ఇంజిన్ ఇలాగే అరుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి మార్కర్ పెన్ను చాలు. ఇంజిన్ చల్లారాక ఎడమవైపు బెల్టు కవర్ విప్పండి. ముందు పుల్లీలో బెల్టు రాసుకునే లోపలి ముఖం మీద, మధ్య నుంచి అంచు దాకా ఒక గీత గీయండి. కవర్ బిగించి, ఫుల్ యాక్సిలేటర్‌లో కాసేపు నడిపి మళ్లీ విప్పండి. బెల్టు రాసుకున్నంత మేర గీత చెరిగిపోతుంది. నా బండిలో పై అంచున వేలి వెడల్పు గీత చెక్కుచెదరకుండా ఉంది. బెల్టు అక్కడిదాకా వెళ్లనే లేదన్నమాట! విప్పి చూస్తే రోలర్లు మూడు పెసరట్టుల్లా చదునైపోయి ఉన్నాయి.

బెల్టు వెడల్పు వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) కొలిచి, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుతో పోల్చండి. పగుళ్లుంటే కొలత అక్కర్లేదు, మార్చడమే. రోలర్లు సెట్టుగానే మార్చాలి, అదే బరువువి. తేలికవి వేస్తే పికప్ బాగుంటుందని ఎవరో ఒకరు చెబుతారు, ఇంజిన్ మళ్లీ అరవడం మొదలవుతుంది. బెల్టుకు గానీ పుల్లీ ముఖానికి గానీ గ్రీజు అంటకూడదు. బెల్టు మీద బాణం గుర్తుంటే అది తిరిగే దిక్కుకే ఉండాలి.

పుల్లీ నట్టు విప్పడానికి సరైన టూల్ లేకపోతే షెడ్డుకే ఇవ్వండి, కానీ బిగించేటప్పుడు పక్కన నిలబడండి. వెనక పుల్లీ పళ్లేలను విడదీసి బెల్టును లోపలికి నొక్కి, ముందు వైపు వదులుగా ఉంచాకే నట్టు బిగించాలి. లేదంటే పళ్లేల మధ్య బెల్టు నలుగుతుంది. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, రోడ్డెక్కాక వదులైపోతుంది.