ఫైబర్ కాంట్రాక్టు పనికి ఇన్సూరెన్స్: ప్రీమియం లెక్క ఎలా పడుతుంది, ఏం అడగాలి

ఏలూరు చుట్టుపక్కల ఫైబర్ లాగే పనులు మా ఆయన చూస్తారు. వర్క్ ఆర్డర్లు, బిల్లులు, జీతాలు, ఇన్సూరెన్స్ నేను చూస్తాను. కొత్తగా కాంట్రాక్టులోకి దిగిన తమ్ముళ్లు ముందు అడిగేది ఒకటే: "అక్కా, ఇన్సూరెన్స్‌కి ఎంతవుతుంది?" మీ మనుషులెవరు, ఏం పని చేస్తారు, ఎంత జీతం ఇస్తున్నారు అన్నది కాగితం మీద పెట్టకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ కాగితం లేకుండా ఏజెంటుకి ఫోన్ చేస్తే ఉజ్జాయింపుగా ఒక అంకె చెబుతాడు. దాన్ని నమ్మి టెండరు రేటు వేయకండి.

డబ్బు తక్కువుంటే ముందు మనుషులకే పెట్టండి. మన వైపు కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే పోతుంది. ఎత్తు, కరెంటు రెండూ ఒకేచోట ఉన్న పని ఇది. దీనికి కావలసింది వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ, అంటే పనిలో మనిషికి ప్రమాదమైతే మీరు కట్టాల్సిన పరిహారాన్ని కంపెనీ కట్టేది. అందరూ డబ్ల్యూసీ అంటారు. దాని వెనకున్న 1923 నాటి చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పరిహారం లెక్కగట్టే పద్ధతి మాత్రం అదే. పనిలో మనిషి చనిపోతే అతని నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. 30 ఏళ్లవాడికి ఆ గుణకం 207.98. జీతం 15,000 అయితే 7,500ను దానితో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. పాలసీ లేకపోతే ఇది కాంట్రాక్టరు చేతి నుంచి కట్టాల్సిన డబ్బు. ఆలస్యం చేస్తే వడ్డీ కూడా పడుతుంది.

ప్రీమియం మీరిచ్చే మొత్తం వార్షిక వేతనాల మీద, వెయ్యికి ఇంత అని పడుతుంది. ఎనిమిది మంది, ఒక్కొక్కరికి 15,000 అనుకోండి. ఏడాదికి 14,40,000. రేటు వెయ్యికి 10 రూపాయలని అనుకుంటే ప్రీమియం 14,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,592, మొత్తం 16,992. ఈ 10 లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకె మాత్రమే. అసలు రేటు మీ పనిని బట్టి కంపెనీ చెబుతుంది. అందుకే మూడు కంపెనీల దగ్గరైనా కొటేషన్ తీసుకోండి, అన్నింటికీ ఒకే జాబితా ఇవ్వండి. జాబితా వేరైతే రేట్లు పోల్చడానికి కుదరదు.

ఖర్చు నిజాయితీగా తగ్గే చోటు ఆ జాబితాలోనే ఉంది. అందరినీ "లేబర్" అని ఒకే వరసలో రాస్తే అందరికీ పెద్ద రేటే పడుతుంది. స్తంభం ఎక్కేవాళ్లు, గొయ్యి తవ్వేవాళ్లు, కిందే కూర్చుని స్ప్లైసింగ్ (ఫైబర్ తీగలను అతికించడం) చేసేవాళ్లు, ఆఫీసులో ఉండేవాళ్లు అని విడివిడిగా రాయండి. అయితే స్ప్లైసింగ్ కుర్రాడు అప్పుడప్పుడు నిచ్చెన ఎక్కుతాడంటే అతన్ని ఎక్కేవాళ్లలోనే రాయాలి. జీతం తగ్గించి చూపడం మాత్రం వద్దే వద్దు. 15,000 ఇస్తూ 8,000 అని రాస్తే క్లెయిమ్ రోజున గొడవ అక్కడే మొదలవుతుంది, ఎదురుగా ఒక తల్లి కూర్చుని ఉంటుంది.

కొటేషన్‌లో మరో రెండు మాటలు వెతకండి. సబ్ కాంట్రాక్టరు తెచ్చిన మనుషులకు వర్తిస్తుందా? వైద్య ఖర్చులు ఎంతవరకు ఇస్తారు? ఇవి చాలాసార్లు అదనంగా అడిగి చేర్పించుకోవాల్సినవే. చిన్న ప్రీమియంతో వచ్చే గ్రూప్ యాక్సిడెంట్ పాలసీని చూసి ఇది చాలనుకోకండి. మనిషికి అది మంచిదే, కానీ చట్టప్రకారం మీరు కట్టాల్సిన పరిహారానికి అది బదులు కాదు. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా అంతే. అది కుర్రాళ్ల బ్యాంకు ఖాతాల్లో ఎలాగూ పెట్టించండి. ఇక పదిమందీ ఆపైన ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) సంగతి వస్తుంది. 21,000 లోపు జీతమై ఈఎస్ఐలో నమోదైనవాళ్లను డబ్ల్యూసీ జాబితాలోంచి తీసేయొచ్చు. అలా కట్టేదీ తగ్గుతుంది.

తర్వాత తవ్వకం. హెచ్‌డీడీ మెషిన్ (రోడ్డు తవ్వకుండా భూమిలో అడ్డంగా రంధ్రం చేసేది) నీళ్ల పైపుకో, కరెంటు కేబుల్‌కో తగిలితే ఆ నష్టం మీ మీదికే వస్తుంది. దీనికి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీలో థర్డ్ పార్టీ భాగం (బయటివాళ్లకు జరిగే నష్టానికి) ఉండాలి. పబ్లిక్ లయబిలిటీ అని అడిగితే కొందరు 1991 చట్టం కింది పాలసీ చూపిస్తారు. అది ప్రమాదకర పదార్థాలు వాడేవాళ్లది, మనది కాదు. భూగర్భ కేబుళ్లు, పైపుల గురించి ఒక షరతు ఉంటుంది, తరచూ పాలసీకి జతచేసే 102 నంబరు ఎండార్స్‌మెంట్‌గా కనిపిస్తుంది: తవ్వే ముందు అవి ఎక్కడున్నాయో సంబంధిత శాఖల్ని అడిగి ఉంటేనే డబ్బు ఇస్తారు. కాబట్టి 2023 మార్చిలో వచ్చిన "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్‌లో ముందే నమోదు చేయండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ స్క్రీన్‌షాట్‌ని, తవ్వకం ముందు తీసిన ఫొటోలతో కలిపి వర్క్ ఆర్డర్ ఫైల్లోనే పెట్టండి. పైపు పగలడం వల్ల పక్కవాడికి పోయిన వ్యాపారం ఈ షరతు కింద రాదు, ఆ మాట ముందే తెలిసుండాలి.

మెషిన్ల విషయం త్వరగా చెప్పేస్తాను. స్ప్లైసింగ్ మెషిన్‌కీ, ఓటీడీఆర్‌కీ (ఫైబర్‌లో లోపం ఎక్కడుందో చూపేది) ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ తీసుకోండి. పాత విలువ రాయకండి, ఈరోజు అలాంటిది కొత్తగా కొంటే ఎంతో అది రాయాలి. మూడు లక్షల మెషిన్‌ని లక్షన్నరకే రాస్తే, 60,000 మరమ్మతుకి 30,000 మాత్రమే లెక్కకు వస్తుంది. అందులోంచి మళ్లీ, ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాలని పాలసీలో రాసిన మీ వాటా తీస్తారు. స్ప్లైసింగ్ మెషిన్‌లోని ఎలక్ట్రోడ్లు అరిగిపోతే ఇవ్వరు. తాళం లేని బండిలోంచి దొంగతనమైతే ఇస్తారా, సైట్ నుంచి సైట్‌కి తీసుకెళ్లేటప్పుడు వర్తిస్తుందా అన్న రెండూ రాతలో తీసుకోండి. పెద్ద మెషిన్లకి ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ వేరు. రోడ్డెక్కే బండికి మోటార్ పాలసీ ఎలాగూ తప్పదు.

పాలసీ గడువు అయిపోయాక నిజంగా ఇచ్చిన వేతనాల లెక్క పంపండి. పని తగ్గి జీతాలు తక్కువ పడితే కొంత ప్రీమియం వెనక్కి వస్తుంది, ఎక్కువైతే మీరు కడతారు. దానికి నెలనెలా మస్టర్ (హాజరు పట్టీ), బ్యాంకులో వేసిన జీతాల స్టేట్‌మెంట్ చాలు.