అపార్ట్‌మెంట్ పిల్లల్ని చెట్లు, గుట్టలు ఎక్కించడం ఎలా?

మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో క్లాసు. పోయిన వేసవి సెలవుల్లో ఊరెళ్తే జామచెట్టు కింద నిలబడి "నాన్నా, కాయ కోసివ్వు" అంటోంది, కొమ్మ చూస్తే దాని నడుం ఎత్తులో ఉంది అంతే. దానికి ఎక్కడం రాక కాదు, ఎక్కొచ్చని ఎవరూ చెప్పలేదు, పైగా నడక వచ్చినప్పట్నుంచి నేను దాని చెవిలో ఊదింది ఒకటే మాట, "పడతావ్, జాగ్రత్త". అప్పట్నుంచి మేం చేస్తున్నవి రాస్తున్నా, ఆరు నుంచి పదేళ్ల పిల్లలున్నవాళ్లకి పనికొస్తాయి.

1. ముందు టైం ఫిక్స్ చేయండి

ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. గంటా ఒకేసారి అక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా అయినా పర్లేదు. మన ఎండలకి సాయంత్రం అయిదు దాటాక, ఆదివారమైతే పొద్దున ఎనిమిదిలోపు బెస్ట్. స్కూల్ నుంచి రాగానే ఏదో ఒకటి తినిపించి నేరుగా కిందకి పంపేయండి, ఒకసారి సోఫాలో కూలబడ్డారంటే ఇంక లేవరు.

2. గ్యాంగ్ కావాలి

ఒక్క పిల్లని పార్కులో వదిలితే పది నిమిషాల్లో "బోర్" అంటూ వచ్చేస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ పెట్టి నలుగురైదుగురిని పోగేయండి, తర్వాత వాళ్లకి ఏడుపెంకులాట నేర్పండి. పెంకులు దొరక్కపోతే పగిలిన టైల్ ముక్కలు ఏడు తీసుకుని అంచులు గచ్చు మీద అరగదీయండి, ఒక టెన్నిస్ బంతి, అంతే సామాను. ఒక జట్టు బంతితో దొంతి కూలగొట్టి మళ్లీ పేర్చాలి, ఈలోపు రెండో జట్టు బంతితో వాళ్లని కొట్టాలి. నేలాబండా, కోతికొమ్మచ్చి కూడా ఇలాగే, రూపాయి ఖర్చుండదు. నేర్పేశాక పక్కకి తప్పుకోండి. తొండి చేశారని గొడవపడితే వాళ్లే తేల్చుకుంటారు, మనం అంపైర్లుగా దిగితే ఆట చచ్చిపోతుంది.

3. చెట్టు ఎక్కించే పద్ధతి

ఇక్కడ రూల్ ఒకటే, ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టకూడదు. తనంతట తాను ఎంత ఎక్కితే అంతే, ఎందుకంటే సొంతంగా ఎక్కిన దారి ఒంటికి గుర్తుంటుంది, దిగడం కూడా ఈజీ. జామ, మామిడి, చింత అయితే మంచివి. నేరేడు కొమ్మ చూడ్డానికి లావుగానే ఉంటుంది కానీ పుటుక్కున విరుగుతుంది. ఇక మునగచెట్టు సంగతి మన సామెతే చెప్తుంది, పిల్లల్ని నిజంగానూ ఎక్కించొద్దు, మాటలతోనూ ఎక్కించొద్దు. వానకి తడిసిన చెట్టు వద్దు, మెడలో చున్నీ, ఐడీ కార్డు తాడు లాంటివి ఉంటే తీసేయండి.

పిల్ల పైనుంటే మీకు గుండె దడదడలాడుతుంది, నిజమే. అయినా "జాగ్రత్త" అని అరవకండి, ఆ కేకకి కంగారుపడి చెయ్యి వదిలేస్తారు. దానికి బదులు "ఎడమ కాలు ఎక్కడ పెడతావ్?", "ఆ కొమ్మ ఊగుతోందా చూడు" అని మెల్లగా అడగండి. నాకు ఇది అలవాటవడానికి రెండు నెలలు పట్టింది, మా ఆవిడకి ఇంకా పట్టలేదు!

4. తర్వాత గుట్ట

హైదరాబాద్‌లో ఉంటే గోల్కొండతో మొదలెట్టండి, పైన బాలా హిస్సార్ దాకా సుమారు 360 మెట్లు. సగం మందిని పైకి పంపి, ఫతే దర్వాజా గుమ్మటం కింద మిగతావాళ్లతో చప్పట్లు కొట్టించండి, పైనున్నవాళ్లకి ఆ చప్పుడు వినపడుతుంది, అది వినాలని పిల్లలు పరిగెత్తి మరీ ఎక్కుతారు. దాని తర్వాత భువనగిరి ఏకశిల గుట్ట. 2014 మేలో పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది అక్కడే, ఆ కథ దారిలో చెప్పండి. చిన్నపిల్లలతో మాత్రం మెట్ల దారినే వెళ్లండి, బండ మీద పాకడం కోచ్, తాడు ఉంటేనే. విశాఖవాళ్లకి కంబాలకొండ ఉంది. ఎవరి బాటిల్ వాళ్లే మోయాలి, చెప్పులు కాదు బూట్లు వేయండి.

5. ఇక్కడ మాత్రం తగ్గొద్దు

చెరువులు, క్వారీ గుంతల దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా అస్సలు పంపొద్దు, లోతు పైకి కనపడదు, ఈత వచ్చిన పిల్లలైనా సరే. కుక్కలు వెంటపడితే పరిగెత్తకుండా చేతులు ముడుచుకుని కదలకుండా నిలబడటం ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి. కరిస్తే, చిన్న గీత పడినా సరే, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లి టీకా వేయించాలి. ఇంట్లో తిడతారని పిల్లలు ఇలాంటివి దాచేస్తారు, అందుకే చిన్న చిన్న దెబ్బలతో వస్తే అరవకండి. మోకాలు గీరుకుంటే నీళ్లతో కడిగి వదిలేయండి, మా పాపైతే ఆ పొక్కుల్ని క్లాసులో అందరికీ చూపించుకుని తిరుగుతోంది.