గేజ్ నంబరు పెరిగితే సూది సన్నం

ఉద్దానం ఊళ్లలో డయాలసిస్‌కి తిరిగే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇది ముందు వాళ్ల కోసం. గేజ్ అంటే సూది లావు చెప్పే నంబరు. కొత్త ఫిస్టులాకి (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి చేతిలో కలిపిన రక్తనాళానికి) సాధారణంగా 17 గేజ్ సూదితో మొదలుపెడతారు. నరం గట్టిపడ్డాక 16కో, 15కో మారుస్తారు. నంబరు తగ్గింది కదా, చిన్న సూదే అనుకోకండి. గేజ్ తగ్గేకొద్దీ సూది లావవుతుంది, రక్తం ఎక్కువ పారుతుంది. సిస్టర్‌ని “ఈరోజు ఎంత గేజమ్మా?” అని అడగడంలో తప్పేం లేదు.

రంగు చూసి మాత్రం పోల్చుకోవద్దు. మామూలు ఇంజెక్షన్ సూదుల్లో గులాబీ రంగు 18 గేజ్, సెలైన్ పెట్టే క్యాన్యులాలో అదే గులాబీ 20 గేజ్. కవర్ మీది నంబరే చదవాలి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 31 గేజ్ అంటే సూది పావు మిల్లీమీటరు లావని మాత్రమే. మందు కొలతకీ దానికీ సంబంధం లేదు. సీసా మీది నంబరు ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్ల మందుందో చెబుతుంది. 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూతది. 100 సీసా మందుని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. షుగర్ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మందుల షాపులో సీసా చూపించాకే సిరంజి కొనండి.

స్లాబ్ కట్టే బైండింగ్ వైరుదీ ఇదే లెక్క: 18 గేజ్ 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ 0.9. ఇంటి కరెంటు వైరు మాత్రం చదరపు మిల్లీమీటర్లలో అమ్ముతారు, అక్కడ 1.5 కంటే 2.5 లావు.