చలి ముదరకముందే: క్లౌన్ లోచ్ చేపలు పెంచేవాళ్ళకు తెల్లమచ్చల జాగ్రత్తలు

దీపావళి వెళ్ళగానే చేపల తొట్టెలో థర్మామీటరు పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడడం అలవాటు చేసుకోండి. హైదరాబాద్‌లో డిసెంబరు వచ్చిందంటే హీటరు లేని తొట్టెలో నీళ్ళు తెల్లారేసరికి చల్లబడిపోతాయి. ఆ దెబ్బకు చేప నీరసపడితే తెల్లమచ్చ జబ్బుకు పండగే. భీమవరం వైపు రొయ్యల రైతులు తెల్లమచ్చ అని పిలిచేది ఒక వైరస్‌ని. మన తొట్టెలోది ఇక్తియోఫ్థిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి. పేరు కలిసిందే తప్ప రెంటికీ సంబంధం లేదు.

ఈ పరాన్నజీవికి ముందుగా దొరికేది క్లౌన్ లోచ్. దాని పొలుసులు కంటికి ఆననంత చిన్నవి, మందు ఘాటు కూడా దానికే ముందు తగులుతుంది. తోక మీద బొంబాయి రవ్వ పలుకులు రెండు మూడు అంటుకున్నట్టు కనిపిస్తే అనుమానించండి. అంతకు ముందే రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంది, మొప్పలు గబగబా ఆడిస్తుంది. పక్కకు ఒరిగి పడుకుందని మాత్రం హడలిపోకండి, లోచ్‌లు చాలాసార్లు నిద్రపోయేదే అలా.

ఒంటి మీద మచ్చగా ఉన్నంతసేపూ ఆ పరాన్నజీవి చర్మం కింద దాక్కుని ఉంటుంది, నీళ్ళలో వేసిన మందు దాన్ని తాకదు. బాగా మేశాక రాలి, అడుగున గులకరాళ్ళలో పడి, వందల పిల్లలుగా చీలి మళ్ళీ చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. మందుకు చిక్కేది ఆ ఈదే పిల్లలే. నేను మొదటిసారి బోల్తా పడింది ఇక్కడే. నాలుగో రోజుకు మచ్చలు పోయాయని మందు ఆపేశాను. వారం తిరక్కుండా రెట్టింపు వచ్చాయి. చివరి మచ్చ రాలాక కూడా ఇంకో వారం, పది రోజులు చికిత్స నడపాల్సిందే.

లోచ్‌లకు నేను నమ్మేది ముందు వేడినే. రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30కి తెచ్చి రెండు వారాలు అక్కడే ఉంచండి. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి. నియాన్ టెట్రాలు, కోరిడోరాస్ లాంటి చేపలు కూడా అదే తొట్టెలో ఉంటే 28 దగ్గర ఆగండి, అవి అంత వేడికి ఇబ్బంది పడతాయి. అప్పుడు మలాకైట్ గ్రీన్ అనే రంగు రసాయనం కలిసిన మందు వాడాల్సి వస్తే సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, చేపల తీరు చూస్తూ వెళ్ళండి. ఫిల్టరులోంచి కార్బన్ (బొగ్గు) తీసేయడం మర్చిపోతే మందంతా అదే తాగేస్తుంది. రాగి కలిసిన మందులు నత్తల్నీ రొయ్యల్నీ చంపేస్తాయి.

రోజు విడిచి రోజు గులకరాళ్ళ అడుగు సైఫన్‌తో లాగి పావు వంతు నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళలో క్లోరిన్ పోవాలి, వేడి తొట్టెతో సమానం కావాలి. చల్లటి బోరు నీళ్ళు బకెట్‌తో దబ్బున గుమ్మరిస్తే చేసిందంతా వృథా.

సంక్రాంతికి షాపు నుంచి కొత్త చేపలు తెచ్చే ఆలోచన ఉంటే మూడు వారాలు వేరే తొట్టెలో పెట్టండి. వల, సైఫన్ పైపు రెండు తొట్లకూ కలిపి వాడకండి. తప్పనిసరైతే ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే ముంచండి.